రెండు క్రేన్ల గౌరమ్మ

విశాఖ రేవులో క్రేన్లన్నీ ఇళ్ల నుంచే నడుస్తున్న రోజులవి. వంటింట్లో ఒక తెర, రెండు మీటలు ఉంటే చాలు, ఓడ ఖాళీ అయిపోతుంది. ఒకే రేవులో పనిచేసేవాళ్లు ఒకరినొకరు ఎదురెదురుగా చూసి ఎరగరు.

వాళ్లకు కార్మిక విద్య చెప్పే ప్రొఫెసర్ పైడిరాజు ఆ మధ్యాహ్నం, భార్య పోయాక వండడం నేర్చుకున్న పప్పును పొయ్యి మీద పెట్టి, తెర మీద క్లాసు మొదలుపెట్టారు. సాయంత్రమే కంపెనీతో చర్చలు. అన్నానికి అరగంట విరామం అడగాలి. కార్మికుల తరఫున అడిగే మనిషే ఇంకా తేలలేదు.

"ఎవరు మాటాడాలని అడిగితే, యూనియన్ సలహా యంత్రం నా పేరే సెప్పింది మాస్టారూ. నా గొంతు బాగుందంట," అన్నాడు సూరిబాబు.

"గొంతు బాగుంటే బుర్రకథ సెప్పుకోరా," అంది రవణమ్మ. అందరూ నవ్వారు.

యూనియన్ నాయకుల మీద ముప్పై ఏళ్లు పరిశోధన చేసిన పైడిరాజు ఒక్కటే అడిగారు. "పని మధ్యలో పిల్లకి జ్వరమొస్తే మీ క్రేను ఎవరికి అప్పజెబుతారు?"

"గౌరమ్మక్కకి," అన్నారందరూ, సూరిబాబుతో సహా.

గౌరమ్మ క్లాసుకు రాలేదు. పైడిరాజు అందరికీ వినపడేలా ఫోన్ చేస్తే, "నాకు మాటలు రావు మాస్టారూ," అంది.

"నేర్పడానికేనమ్మా నేనున్నది."

"ఇప్పుడెలా అవుద్ది? ఒకమ్మాయి ఆస్పత్రికెళ్తే ఆమె క్రేను కూడా నేనే నడుపుతున్నాను."

"ఒకటి నాకియ్యక్కా," అన్నాడు సూరిబాబు.

"రెండోది నాకు," అంది రవణమ్మ.

పైడిరాజు పొయ్యి కట్టేసి వచ్చేసరికి, తెర మీద గౌరమ్మ ఖాళీ చేతులు కొంగుకు తుడుచుకుంటూ కూర్చుంది.

"సెప్పండి మాస్టారూ, ముందు ఏటని అడగాల?"