ఆ మాట తప్ప

“సార్, మా నాయన ముందర మార్ట్‌గేజ్ అన్న మాట ఒక్కటి తీయొద్దండి. అది తప్ప ఏమైనా అడగండి.”

తేజేశ్వర్ ఈ మాట చెప్పింది స్థలం కంచె దగ్గర, బ్యాంకు ఆఫీసరు ఇంకా బండి దిగకముందే. ఆఫీసరు హెల్మెట్ తీస్తూ నవ్వాడు. లక్నో వైపు మనిషి, కర్నూలుకు బదిలీ మీద వచ్చి ఏడాది కూడా కాలేదు. తెలుగు తడుముకుంటూ మాట్లాడతాడు. మాట అందకపోతే తమ ఊరి మాటొకటి మధ్యలో అతికించి, దాన్నే తెలుగనుకోమన్నట్టు చూస్తాడు.

స్థలం మీ నాన్నగారి పేరు మీద ఉంది కదా, సంతకం ఎవరు పెడతారని అడిగాడు.

“ఆయనే పెడతాడు సార్. సాక్షి సంతకమని చెప్పి పెట్టిస్తా.”

ఆఫీసరు నవ్వు ఆగిపోయింది. అలా కుదరదని, కాగితాలు పెద్దాయనకు చదివి వినిపించాల్సిందేనని, ఆయన వద్దంటే లోను లేదని తేల్చి చెప్పాడు. సంతకాల రోజు వచ్చినప్పుడు చూసుకుందాం లెండి, ఈ పూటకు స్థలం చూసి పొండి అని తేజేశ్వర్ బతిమాలాడు.

తేజేశ్వర్ మోసగాడు కాదు, పిరికివాడు. తండ్రి నాగసుబ్బయ్య కర్నూలులో చిల్లర కొట్టు నడిపి, బతుకంతా అద్దె ఇళ్లలో గడిపాడు. కొడుక్కు ఉద్యోగం వచ్చింది, ఊరి చివర స్థలం ఉంది, ఇక ఇల్లు కట్టడానికి మిగిలింది బ్యాంకు లోను ఒక్కటే. కానీ తనఖా అన్న మాట చెవిన పడితే చాలు, ఆయన కంచంలో చెయ్యి కడుక్కొని లేచిపోతాడు. కొట్లో ఎవరైనా ఇత్తడి చెంబు తెచ్చి తనఖా పెట్టుకోమంటే, చెంబు తిరిగిచ్చి సరుకు అరువిచ్చేవాడు. అలాంటి మనిషికి స్థలాన్ని బ్యాంకులో తనఖా పెట్టాలని చెప్పేదెవరు? ఉద్యోగం చూసి ఇస్తారు నాయనా అని కొడుకు నమ్మబలికాడు. ఆయన నమ్మాడు.

నాగసుబ్బయ్య రేకుల షెడ్డు ముందు ఎదురుచూస్తున్నాడు. ఆఫీసరును చూడగానే లోపలికి పిలిచి, గోనెపట్టాలు తొలగించి తన ఆస్తి చూపించాడు. పాత టేకు ద్వారబంధం. ఆలూరులో వాళ్ల మిద్దెది. కొన్నవాళ్లు మిద్దె పడగొట్టి కట్టెలు అమ్ముతున్నారని తెలిసి, లారీ మాట్లాడుకొని వెళ్లి తెచ్చుకున్నాడు. కొత్త ఇంటికి ఇదే గడప అని అరిచేత్తో దుమ్ము తుడిచాడు.

ఆఫీసరు హద్దులు చూశాడు, ఫొటోలు తీశాడు. అంతా బాగుందన్నాడు. తేజేశ్వర్ ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు ఆఫీసరు మాట కోసం కాసేపు వెతుక్కుని, తేజేశ్వర్ వైపు తిరిగి అడిగాడు.

“మరి, మీరు తనఖా సంగతి చెప్పలేదు?”

వద్దన్న మాటే అన్నాడు మహానుభావుడు, అదీ చక్కటి తెలుగులో. ఇక లోను లేదు, ఇల్లు లేదు అని తేజేశ్వర్ అనుకున్నాడు.

నాగసుబ్బయ్య ద్వారబంధం మీదే కూర్చుండిపోయాడు. ఎదురుగా మిద్దె ఉన్నట్టే చెప్పడం మొదలుపెట్టాడు. పైకప్పులో వెలుతురుకు వదిలిన గవాక్షిలోంచి ఎండ నడవలో గుండ్రంగా పడేదట. ఆ ఎండ రోలు దగ్గరికి జరిగితే బడికి వేళయినట్టు. వాన మొదలైతే గవాక్షి మీద బండ మూయడానికి పిల్లలంతా నిచ్చెన కోసం కొట్టుకునేవాళ్లు. జొన్నరొట్టెలు కాల్చే పొగ అందులోంచే పోయేది. ఆ మిద్దెను ఆయన తండ్రి తనఖా పెట్టి, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అప్పిచ్చినవాడు వచ్చి గడప ముందు నిలబడ్డ రోజే అందరికీ తెలిసింది.

“ఇల్లిడిసే పొద్దు మా అమ్మ కసువు నూకి, కల్లాపి జల్లి, ముగ్గేసింది. పోయే ఇంటికి ముగ్గెందుకుమా అంటే, ఇల్లేం తప్పు చేసింది నాయనా, అనింది.”

ఆయన కళ్లు నిండాయి. పైపంచతో తుడుచుకుని కొడుకు వైపు చూశాడు.

“మా నాయన తనఖా పెట్టినందుకు కాదు తేజూ నాకు కోపం. మాకు దాసినందుకు. నువ్వు దాయలేదు. ఈ సార్‌తో నా మొగం ముందరే అడిగించినావు. ఆ గుండె మా నాయనకు లేకపాయె. పెట్టుకోప్పా తనఖా. యాడ సంతకం పెట్టమంటే ఆడ పెడతా. ఈ ద్వారబంధం లేసి నిలబడేది నేను సూడాల.”

తేజేశ్వర్ తల ఎత్తలేకపోయాడు. సిగ్గుతో చచ్చిపోతున్నా, లోపల ఎక్కడో ఇల్లు లేచి నిలబడుతున్నట్టే ఉంది. ఆఫీసరు మాత్రం ఏమీ పాలుపోక ఇద్దరికీ దండం పెట్టి బయలుదేరాడు.

కంచె దాకా సాగనంపుతూ తేజేశ్వర్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. వద్దన్న మాటే అన్నారు గానీ సార్, నేను జన్మలో అడగలేనిది మీరు అడిగి పుణ్యం కట్టుకున్నారన్నాడు.

ఆఫీసరు అయోమయంగా చూశాడు. మార్ట్‌గేజ్ అన్న మాట తానెక్కడ అన్నానన్నాడు. బండెక్కి, తాళం తిప్పబోతూ, ఇందాక ఎంత వెతికినా దొరకని మాట అప్పుడు దొరికినట్టు ఆగాడు.

“ఆ, గుర్తొచ్చింది. మా ఊళ్లో తనఖా అనేదాన్ని తెలుగులో జీతం అంటారు కదా? మీ జీతం సంగతి అడిగితే, మీ నాన్నగారు ఎందుకు ఏడ్చారండీ?”