నలభై రోజుల గోధుమలు

కొత్త గోధుమ బస్తాలు వచ్చిన నలభై రోజుల వరకు గంగులయ్య ఎవరికీ పెట్టడు. తాను మాత్రం మొదటి రోజు నుంచే తింటాడు.

పందొమ్మిది వందల అరవై మూడో సంవత్సరం. కోట ఊరికి తూర్పున సముద్రం ఒడ్డునున్న ఆ పాలెంలో గాలివానకు పడవలూ వలలూ కొట్టుకుపోయాయి. మిషన్ వాళ్ళు గంజి కేంద్రం పెట్టి అమెరికా గోధుమలు పంపారు. అక్కడ గోధుమ వంట తెలిసినవాడు గంగులయ్య ఒక్కడే. పదేళ్ళు ఓడల్లో కళాసీగా తిరిగి వచ్చాడు. అందుకే కోటలో ఉండి కేంద్రాన్ని చూసుకునే మగ్దలీనమ్మ టీచరు గోధుమల కొట్టు తాళం అతని చేతికిచ్చింది.

మొదట జనం మొహం తిప్పుకున్నారు. సంగటీ చేపల పులుసూ తినే నోళ్ళవి. గంగులయ్య గోధుమలు ఉడకబెట్టాడు. చాపల మీద ఎండబోసి, తిరగలిలో బరకగా విసిరించాడు. ఆ నూకను ఉల్లిపాయలతో వేయించి మళ్ళీ ఉడికించాడు. పిల్లలు గిన్నెలు నాకారు.

"ఎవురు నేర్పినారన్నా?" అంది తిరగలి విసిరే కామమ్మ.

"బస్రా రేవు పక్క పల్లెలో అరబ్బుల ముసలమ్మ. గోధుమల్లో మేక ఎముకలేసి పొద్దున పొయ్యి మీద పెడితే మాపటికి దించేది. ఓడ మరమ్మతుకు ఆగిన ఆర్నెల్లూ నాకు ఆమే అన్నం పెట్టింది."

అంతవరకే చెప్పాడు.

వానలకు దారి తెగింది. పాత బస్తాలు అయిపోయాయి. కొట్టులో కొత్తవి పన్నెండున్నాయి. వచ్చి ముప్పై రెండు రోజులే అయింది.

"ఇంకా ఎనిమిది రోజులు," అన్నాడు గంగులయ్య.

ఎందుకని అడిగితే చెప్పడు. వాటిలోంచే గిన్నెడు వండుకుని అందరూ చూస్తుండగా తింటాడు. తిన్నాక చేతివేళ్ళు ఒక్కొక్కటే నొక్కి చూసుకుంటాడు.

జనం పీతలూ ఆకులూ ఏరుకు తిన్నారు. ముప్పై ఏడో రోజు కామమ్మ ముసలి మామ చిన్నపోలయ్య ఆకలికి కన్నుమూశాడు.

"నువ్వు తింటా ఉంటే చూస్తా చూస్తా పోయినాడన్నా," అంది కామమ్మ.

గంగులయ్య తల ఎత్తలేదు. తాళంచెవి ఇవ్వలేదు.

ఆ మధ్యాహ్నమే జనం తలుపు పగలగొట్టి వండుకు తిన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. రెండు నెలలు గడిచినా ఏమీ కాలేదు. మేలైన గోధుమలు.

దారి బాగుపడ్డాక మగ్దలీనమ్మ వచ్చింది. అతన్ని పని మాన్పించడానికే వచ్చింది.

"ఒక ప్రాణం పోయింది గంగులయ్యా. ఎందుకిట్లా చేశావు?"

అతను అరుగు మీద కూర్చున్నాడు.

"ఆ ముసలమ్మ ఇంట్లో ఏడుగురు. మేము ఓడెక్కినాక విత్తనం గోధుమలు తినినారంట. పురుగు పట్టకుండా మందేసి, ఎర్ర రంగు పూసినవి. నెల దాకా ఏమీ తెలీలేదంట. ఆనక వేళ్ళు తిమ్మిరెక్కినాయి. కండ్లు పోయినాయి. అడుగు తీసి అడుగెయ్యలేక పడిపోయినారు. మళ్ళా మా ఓడ ఆ రేవుకు పోయేలోగా ఇంట్లో ఒక్కరూ మిగల్లేదు."

మగ్దలీనమ్మ కోపం దిగిపోయింది. అతని పక్కనే అరుగు మీద కూర్చుంది.

"ఈ మాట ముందే చెప్పుంటే వీళ్ళు నిన్ను తప్పుపట్టేవాళ్ళా? ఊరి కోసం నువ్వు నీ ఒంటి మీదే విషం పరీక్ష చేసుకుంటున్నావని ఎవరికి తెలుసు?"

గంగులయ్య వేళ్ళు నొక్కి చూసుకున్నాడు.

"అయినా ఆ గింజలు ఎర్రగా ఉన్నాయంటివే. ఆ ముసలమ్మ చూసుకోలేదా?"

"ఆమె ఎరుపు చూళ్ళేదు టీచరమ్మా. రేవులో దొరికిన ఆ మూటను, ఉత్త రంగే గదా అనుకొని, అది పోయేదాకా కడిగి, ఎండబెట్టి, ఓడెక్కే రోజు అన్నం పెట్టిన చేతికి కానుకగా ఇచ్చింది నేనే."