టైబాబు చూపించే ఆఖరి బొమ్మ

ఆ ఉదయం ఆకాశం కడిగి బోర్లించిన పళ్లెంలా ఉంది. ఒక మూల మాత్రం గోరంత మబ్బు. వాన తెచ్చే రకం కాదు కనుక ఎవరూ పట్టించుకోలేదు.

టైబాబు తల ఎత్తే తీరికలో లేడు. మెడకు టై బిగించి, ఎక్స్‌రేలు చదివే యంత్రాన్ని చంకన పెట్టుకుని ఆస్పత్రి మెట్లెక్కుతున్నాడు. ఈసారీ ఉత్త చేతులతో వస్తే ఆఫీసు గడప తొక్కనక్కర్లేదని మేనేజరు ఎంతో ప్రేమగా చెప్పి పంపాడు.

ఎక్స్‌రే గదిలో ఇద్దరున్నారు. ఆస్పత్రి నడిపే కోడలు, ఆమె మామగారు. మామగారు డాక్టరు. బుద్ధెరిగినప్పటి నుంచీ ఎక్స్‌రేలే చూస్తున్నాడు. పెళ్లిచూపుల్లో పిల్లను కూడా వెలుతురుకు పట్టి చూసి ఉంటాడని నర్సులు నవ్వుకుంటారు. టైబాబు అన్న పేరు పెట్టిందీ ఆయనే.

"వచ్చావా టైబాబూ! ఇంత ఉక్కలో ఆ ఉరితాడెందుకు నాయనా? కాస్త వదులు చేసుకో."

"అలవాటైపోయింది సార్."

"మామయ్యా, ఆయన పని ఆయన్ని చేసుకోనివ్వండి," అంది కోడలు.

"నన్ను ఇంటికి పంపే పనేగా అమ్మాయ్. కానివ్వు, కానివ్వు."

టైబాబు గొంతు సవరించుకున్నాడు.

"దీనికి నిద్ర రాదు మేడమ్. కళ్లు మసకబారవు. లక్షల ఎక్స్‌రేలు చదివి నేర్చుకుంది. నిన్ననే కొత్త వెర్షన్ వచ్చింది. పాతదానికి కనపడని ఆవగింజంత మచ్చను కూడా పట్టేస్తుంది. డాక్టరు పొరపడొచ్చు. ఇది పొరపడదు."

"అలుగుతుందా?" అడిగాడు పెద్దాయన.

"లేదు సార్."

"అయితే అదేం డాక్టరయ్యా!"

పరీక్ష మొదలైంది. తెర మీదికి వచ్చిన ఆస్పత్రి బొమ్మలన్నింటికీ యంత్రం, పెద్దాయన ఒకే మాట చెప్పారు. పెద్దాయన కాస్త ముందే చెప్పి, యంత్రం వైపు జాలిగా చూశాడు.

ఇక ఆఖరిది. ఎక్కడికెళ్లినా టైబాబు చివర చూపేది ఆ ఒక్క బొమ్మే. పూర్తి ఆరోగ్యవంతుడి ఛాతీ. రోగుల బొమ్మలు బయట చూపాలంటే సవాలక్ష అనుమతులు. దీనికి ఎవరినీ అడిగే పని లేదు. యంత్రం ఆకుపచ్చ దీపం వెలిగిస్తుంది. "చూశారా, లేని రోగం అంటగట్టదు" అని టైబాబు నవ్వుతాడు. చప్పట్లు పడతాయి.

పెద్దాయన ముందుకు వంగాడు. "వీడెవడో చిన్నప్పుడు గోడ దూకి పడ్డాడు. మెడ కింది ఎముక విరిగి వంకరగా అతుక్కుంది. అది తప్ప మనిషి గుండ్రాయి. నూరేళ్లు బతుకుతాడు."

యంత్రం ఎర్ర దీపం వెలిగించింది. ఊపిరితిత్తి మూల, పక్కటెముక చాటున, ఆవగింజంత మచ్చ చుట్టూ సున్నా చుట్టింది. వెంటనే పరీక్షలు చేయించాలని కింద రాసింది.

కోడలి ముఖం వెలిగిపోయింది.

"చూశారా మామయ్యా! మీరు గుండ్రాయి అన్నారు. మీ కంటికి ఆననిదాన్ని అది పట్టేసింది. ఇంకేం కావాలి? తీసుకుంటాం బాబూ!"

టైబాబు ఎగిరి గంతెయ్యాల్సిన ఘడియ. గంతెయ్యలేదు. జేబురుమాలు తీసి తెర తుడిచాడు. మచ్చ పోలేదు.

"ఇది... పొరపాటు మేడమ్."

"ఏమిటీ?"

"కొత్త వెర్షన్ కదా. ఇంకా కుదురుకోలేదు. సార్ చెప్పిందే నిజం."

యంత్రాన్ని ఆపి, మళ్లీ నడిపాడు. ఎరుపు. మళ్లీ ఆపాడు. మళ్లీ ఎరుపే. అంత నమ్మకమైన సరుకును అంతగా తిట్టుకున్న అమ్మకందారు ఎక్కడా ఉండడు.

"మీరే చెప్పండి సార్, అక్కడేమీ లేదు కదా? మీ అనుభవం ముందు ఈ డబ్బాలెంత!"

"ఇన్నాళ్లకు నీ నోట నిజం వచ్చింది," అని పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ కుర్చీ ఇక తనదే.

కోడలు లేచింది. "మీ యంత్రాన్ని మీరే నమ్మకపోతే నేనెలా నమ్మేది? తీసుకెళ్లండి."

ఆమె వెళ్లిపోయింది, వెనకే తలుపు మూసుకుంది. అమ్మకం పోయింది. ఉద్యోగం దాని వెంటే పోయింది. టైబాబు అటు చూడనైనా చూడలేదు.

"సార్, ఇంకొక్కసారి చూడరూ?"

"గెలిచిన పందెం మళ్లీ ఆడతారటయ్యా? ఇంతకీ ఎప్పటిదీ బొమ్మ?"

"పోయినేడాదిది సార్."

"ఇంకేం! ఉంటే ఈపాటికి వాడికే తెలిసేది. పద, భోజనం పెట్టిస్తా. ఓడినవాడితో కలిసి తింటే నాకు బాగా అరుగుతుంది."

క్యాంటీన్‌లో ఓ మూల బల్ల. పైన ఫ్యాను ఉందన్న మాటే గాని తిరగదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తింటున్నారు. పెద్దాయన గెలుపును నమిలి నమిలి మింగుతున్నాడు. టైబాబు అన్నం కెలుకుతున్నాడు. ముఖమంతా చెమట.

గాలాడక టైబాబు టై ఊడదీసి చొక్కా పై గుండీలు విప్పాడు, నోటి దాకా వెళ్లిన పెద్దాయన ముద్ద అక్కడే ఆగిపోయింది, ఆ కుర్రాడి మెడ కింద ఎముక విరిగి వంకరగా అతుక్కుని ఉంది.