మద్దిచెట్టు నేర్పిన పని

రాళ్లగుట్ట మీది అడవిలో వడ్రంగిపిట్టలు ముసలి మద్దిచెట్టు ఒంటి మీదే పని నేర్చుకునేవి. పిల్లలు తప్పుచోట పొడిచినా చెట్టు నొప్పి ఓర్చుకునేది. "నేర్చుకోనీ, రేపు మన పురుగుల్ని తీసేది వీళ్లే కదా" అనేది. ఏం పిచ్చి చెట్టో!

పని వచ్చిన పిట్టలన్నీ ఏటి అవతలి పనసతోటకు వెళ్లిపోయాయి. అక్కడ తిండికి కొదవ లేదట.

ఈ ఏడు మద్దిచెట్టుకు పురుగు పట్టింది. ఉడుత పరుగున తోటకు వెళ్లి, అక్కడ చూసి నిర్ఘాంతపోయింది. తోటలో ఒక్క చెట్టుకూ పురుగు లేదు. పిట్టలన్నీ వరసగా కూర్చుని చిలకలకు పనసకాయలు చీల్చిపెడుతున్నాయి.

"ఇదేం పని అక్కా! అక్కడ మన చెట్టు చచ్చిపోతోంది, రా!" అంది ఉడుత.

పెద్దపిట్ట ముక్కుకంటిన పనస జిగురు తుడుచుకుంది. "పురుగు తియ్యడం నాకిప్పుడు చేతకాదు చెల్లీ" అంది.

ఉడుత తిరిగొచ్చేసరికి మద్దిచెట్టు, పని రాక మిగిలిపోయిన ఆఖరి పిల్లపిట్టకు నేర్పుతోంది. "ఇక్కడ పొడువు తల్లీ, మెత్తగా ఉంటుంది."

పిల్లపిట్ట పొడిచింది. ముక్కు కళ్లదాకా దిగబడి, లోపలినుంచి పుచ్చిన చెక్కపొట్టు జలజలా రాలింది.

"నాకు పని వచ్చేసింది!" అని ఎగిరి గంతేసింది పిల్లపిట్ట. "తోటకు ఎటు వెళ్లాలి?"