ఒకే గొంతు

"మైకు ముందర మన తరఫున ఒకే గొంతు వినపడాల. అది నాది. ఇంకెవురూ నోరు తెరవగూడదు, తెలిసిందా?"

తిరుపతిలో ఆ పెద్ద హోటలు మెట్లెక్కుతూ యోగానంద హెచ్చరించాడు. వెనకాల వస్తున్న ఎస్టీడీ బూత్‌ల వాళ్లంతా తలలూపారు. ఊపరా మరి! చిత్తూరు జిల్లా బూత్ ఓనర్ల సంఘానికి పదేళ్లుగా అతనే అధ్యక్షుడు. ఎవరి లైను చచ్చిపోయినా, ఎవరికి బిల్లు తప్పుగా వచ్చినా టెలిఫోన్ ఆఫీసుకు పరుగెత్తేది అతనే.

సంగతేమిటంటే, రూపాయి వేస్తే మాట్లాడుకునే కాయిన్ బాక్సులు తెచ్చింది ఒక ప్రైవేటు కంపెనీ. కిళ్లీ బంకుకైనా సరే, టీ కొట్టుకైనా సరే తగిలించేస్తామంటోంది. బూత్ పెట్టాలంటే లైసెన్సు కావాలి, ఆ పెట్టెకు మాత్రం అక్కర్లేదా? అది తేల్చడానికే ఢిల్లీ నుంచి అధికారులు వచ్చారు. ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ల అభిప్రాయాలు విని రూలు రాస్తారట. సంఘం గట్టిగా అడ్డం పడితే పెట్టెకూ లైసెన్సు తప్పదు. పడకపోతే బూత్‌ల కథ ముగిసినట్టే.

"అన్నా, నీ మీదే భారం," అంది మునిలక్ష్మి. ఆమెది సత్యవేడు. మొగుడు పోయాక ఆఫీసుల చుట్టూ తిరిగి ఆమెకు బూత్ ఇప్పించింది యోగానందే. "నువ్వు నోరిప్పితే ఢిల్లీవోళ్లయినా ఇనాల్సిందే."

"నేనుండా గదమ్మా!" అన్నాడు.

హాల్లో ఏసీ చల్లగా తగులుతోంది. ముందు వరసలో టై కట్టుకుని కూర్చున్న కంపెనీ మేనేజరు యోగానందను చూసి నవ్వాడు. యోగానంద మొహం పక్కకు తిప్పేసుకున్నాడు. కొత్త చొక్కా కాలరు సర్దుకున్నాడు. ఈ రోజుతో మన కష్టాలు తీరిపోతాయని పొద్దున భార్యకు చెప్పి మరీ బయల్దేరాడు. వారం రోజులుగా అద్దం ముందు చెప్పుకున్న మాటల్ని మనసులో ఇంకోసారి తిప్పుకున్నాడు.

"బూత్ ఓనర్ల సంఘం!" అని పిలిచారు.

యోగానంద లేచేలోపే పక్క కుర్చీలోంచి శాంతయ్య లేచాడు. గబగబా మైకు దగ్గరకు వెళ్లిపోయాడు. శాంతయ్య సంఘం కార్యదర్శి, బంగారుపాళ్యం బస్టాండులో అతని బూత్. యోగానందకు కుడిభుజం లాంటివాడు.

"అయ్యా, కాయిన్ బాక్సులకు లైసెన్సు అక్కర్లేదు. మా సంఘానికి ఏ అభ్యంతరమూ లేదు."

యోగానంద కుర్చీలోంచి సగం లేచాడు. ఒరే అని అరవబోయాడు.

"సంఘంలో అందరిదీ ఇదే మాటా?" అని అడిగాడు అధికారి.

వెనక వరసల్లో చేతులు లేచాయి. పలమనేరు వాళ్లు ఎత్తారు. పుత్తూరు వాళ్లు ఎత్తారు. చివరికి మునిలక్ష్మి కూడా తల దించుకునే చెయ్యెత్తింది.

బయట వరండాలో శాంతయ్య కాలరు దొరకబుచ్చుకున్నాడు యోగానంద.

"ఎంతకు అమ్ముడుపోయినార్రా?"

"కొట్టన్నా, కొట్టు. కంపెనీవోళ్లు ఇండ్లకొచ్చినారు. అభ్యంతరం లేదని చెప్తే తలా ఒక పెట్టె ఊరికే ఇస్తామన్నారు. బూత్ ఈ పొద్దో రేపో మూతపడేదే గదా, పెట్టెన్నా మిగులుతాదని..."

"నాకొక్క మాట చెప్పగూడదా? ఒక్క మాట!"

"నీకెట్ట చెప్పేదన్నా? నువ్వు నిప్పు. సచ్చినా ఒప్పుకోవు. అందుకే నువ్వు లేసేలోపల నన్ను లేయమన్నారు."

మునిలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. "దేవుడట్లాంటి మనిసిని మోసం చేసినాం. మాకు పుట్టగతులుండవన్నా!"

యోగానంద కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంత ద్రోహం! పదేళ్లు కడుపున పుట్టినవాళ్లలా చూసుకున్నాడే! ఇంతమందిలో ఒక్కడికైనా, ఒక్కడికైనా చెప్పాలనిపించలేదే!

"పోండి! నా కండ్ల ముందర ఉండొద్దు!"

అందరూ దొంగల్లా మెట్లు దిగి బస్టాండు దారి పట్టారు.

కాసేపటికి మేనేజరు బయటికొచ్చి కారు తలుపు తీశాడు. యోగానంద ఒక్క ఉదుటున వెళ్లి అడ్డం నిలబడ్డాడు.

"ఇదేం న్యాయం సార్?"

మేనేజరు అతని భుజం తట్టాడు.

"అభ్యంతరం లేదన్న ఆ నాలుగు ముక్కలూ తలా ఒక పెట్టెకే వాళ్లు చెప్పేశాక, అవే ముక్కలు మీ నోట చెప్పించడానికి మీకిస్తామన్న జిల్లా డీలర్‌షిప్పు ఇంకెందుకండీ, యోగానంద గారూ?"