పక్కింటి గోడ

నాకు అన్నిటికన్నా భయం ఒక్కటే. పడుకున్నవాళ్లు పొద్దున్న లేవకపోవడం.

మా ఇళ్ల వరస కింద బొగ్గు కాలుతోంది. గని కాదు, మనుషులెవరూ దిగరు. ఒక గొట్టంలోంచి కిందికి గాలి కొడతారు. నేల లోపలే బొగ్గు అంటుకుని గ్యాసవుతుంది. ఇంకో గొట్టంలోంచి దాన్ని పైకి లాగి ఇంధనం చేస్తారు. మా ఆయన ఆ గొట్టాల దగ్గర వాల్వులు తిప్పుతాడు. పొయ్యి మీద గిన్నెలా మా కాపురం.

గచ్చు వెచ్చగా ఉండేది. మొదట్లో సంబరపడ్డాను కూడా. పిల్లాడి బట్టలు కింద పరిస్తే చాలు, ఆరిపోయేవి. తర్వాత వాడు తల పట్టుకుని ఏడవడం మొదలెట్టాడు. పగుళ్లలోంచి గ్యాస్ వస్తుందని, దానికి వాసన కూడా ఉండదని, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుందని మా ఆయనే చెప్పాడు. ఆ మాట విన్నాక నాకు కంటి మీద కునుకు లేదు.

మాది చివరి ఇల్లు. ఒక పక్క ఖాళీ స్థలం, ఇంకో పక్క సూది అత్త. నాకేం చుట్టం కాదు, వీధందరికీ అత్తే. బట్టలు కుడుతుంది, మాటలతో పొడుస్తుంది. అందుకే ఆ పేరు. ఒంటి మనిషి. నా భయం చూడలేక ఆవిడే ఒక ఏర్పాటు చేసింది. లేవగానే ఇద్దరి మధ్యనున్న గోడ తట్టాలి.

"రెండు దెబ్బలు వినిపిస్తే ఉన్నానని. లేకపోతే తలుపు తోసుకురా. విరిగితే నీ మొగుడి చేత కొత్తది పెట్టించుకుంటా."

"అవేం మాటలత్తా?"

"మరి? నీ కొడుక్కి పెళ్లి చొక్కా కుట్టకుండా నేనెక్కడికి పోతానే?"

రోజూ టక్ టక్. నేనూ తిరిగి తట్టేదాన్ని. ఆ తర్వాతే పాలు కాచేదాన్ని.

ఈ ప్రాజెక్టు వల్ల గాలికీ నీటికీ నేలకీ ఏమవుతోందో చూడ్డానికి ఒక సర్వే అమ్మాయి వచ్చింది. మా గదిలో మీటరు పెట్టగానే అది కుయ్యోమంది.

"అక్కా, ముందు బాబుని ఇక్కణ్ణించి తీసుకెళ్లిపోండి," అంది.

కంపెనీ దూరంగా గది ఇస్తానంది. మేం సరేనన్నాం.

సూది అత్త మాత్రం కత్తెర పట్టుకుని ఆ అమ్మాయిని గుమ్మంలోంచే తరిమింది.

"నా ఇంట్లో గాలి నేను పీల్చుకుంటా. కొలవడానికి నువ్వెవరు?"

తర్వాత నా మీదికి తిరిగింది. "పోతున్నావన్నమాట. పోవే పో. ఇక నాతో మాట్లాడకు."

తలుపు గడియ పెట్టేసుకుంది. మిషను చప్పుడు కూడా ఆగిపోయింది. అలిగితే ఆవిడంతే. సూది ముట్టదు, గడప దాటదు. గుమ్మంలో నిలబడి బతిమాలాను. పలకలేదు.

కానీ తెల్లారేసరికి గోడ టక్ టక్‌మంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. కోపం నోటికే గానీ చేతికి లేదులే అనుకున్నాను.

సామాను ఎక్కించే రోజు సర్వే అమ్మాయి మళ్లీ వచ్చింది.

"పక్కింటావిడ ఎలా ఉన్నారక్కా? తలుపు తీయించనా?"

"వద్దమ్మా. మళ్లీ కత్తెర తీస్తుంది. బాగానే ఉంది, ఇందాకే గోడ తట్టింది."

"అయితే ఆ ఇల్లు ప్రస్తుతానికి సరే," అని ఆ అమ్మాయి తనతో వచ్చిన కంపెనీ ఆయనతో చెప్పింది.

నేను గోడకి నోరానించి, "అత్తా, సర్దుకోగానే వచ్చేస్తా. ఈసారి కత్తెర చూపించినా సరే, నిన్ను లాక్కెళ్తా," అన్నాను.

ఇక్కడ గచ్చు చల్లగా ఉంది. పిల్లాడు ఆడుకుంటున్నాడు, అన్నం తింటున్నాడు. ఈ పొద్దున సర్వే అమ్మాయి వాణ్ణి చూసిపోదామని వచ్చింది. కింద బొగ్గు కాలిపోయేకొద్దీ నేల ఎలా దిగుతోందో వినడానికి మా ఖాళీ ఇంట్లో ఏదో యంత్రం పెట్టారట. అందులో విన్న వింత ఒకటి నవ్వుతూ చెప్పి, ఆటో ఎక్కి వెళ్లిపోయింది. రాత్రి పిల్లాడికి పాలు కలుపుతుంటే ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది. గ్లాసు అక్కడే పడేసి లేచాను.

సూది అత్తని చూసి రమ్మని ప్రాజెక్టు గేటుకి ఫోన్ చేశాను.

"ఆ ఇంటికి ఢోకా లేదమ్మా," అన్నాడు కాపలా ఆయన. "బాగానే ఉందని మీరే చెప్పారటగా?"

మా ఆయన చెప్పులైనా వేసుకోకుండా బయల్దేరాడు. చాలా దూరం, ఈ వేళకి బస్సు కూడా లేదు.

మీలో ఎవరైనా అటు దగ్గర్లో ఉంటే ఎలాగోలా ఆ తలుపు తీసి సూది అత్తని చూడండి, ఎందుకంటే కింద నేల దిగుతున్నకొద్దీ, అవతల ఇల్లన్నదే లేని మా చివరి గోడ కూడా రోజూ తెల్లారేసరికి టక్ టక్‌మంటోందట.