మూడు సీసీలు

“నీ ఇంజన్ ఈ క్లాసుకి కుదరదు బాబూ.”

బైకు రేసు గెలిచిన ఊపులో ఇంకా హెల్మెట్ కూడా తియ్యని వెల్డర్‌కి ఆ మాట చెవికెక్కలేదు.

తనిఖీ షెడ్డులో, బల్ల మీద, అతని బండి సిలిండర్ విప్పి ఉంది. తనిఖీ చేసే పెద్దాయన సిలిండర్ కొలిచే గేజి తుడుచుకుంటున్నాడు.

“ఇది నూట యాభై సీసీ క్లాసు. నీది నూట యాభై మూడు.”

“మూడు సీసీలకే కొంప మునిగిందా?”

“నీ పక్క లైన్లో ఓడిపోయినవాడికి మునిగింది.”

“నేను సిలిండర్ బోరు చేయించి పెంచలేదు సార్! కొన్నప్పుడే అలా ఉందేమో.”

“ఉండొచ్చు. మోసం చేశావని నేననలేదు. కొలత తప్పిందన్నాను.”

“అసలు మీరెప్పుడైనా బండెక్కారా? గేజి పట్టుకుంటే రేసు తెలిసిపోతుందా?”

పెద్దాయన ఫారంలో అంకె రాసి, కప్పు పక్కలైను కుర్రాడికి ఇప్పించాడు.

ఆ వారమంతా వెల్డర్‌కి కాలు నిలవలేదు. షాపులో అతుకులు వంకర పోయాయి. భోజనం దగ్గర కూడా మోకాలు ఊగుతూనే ఉంది.

“బండి దిగి తినండి,” అంది భార్య.

చివరికి క్లబ్బుకి ఓ కాగితం రాశాడు. ‘తనిఖీ చేసే ఆయనకి చూపు ఆనడం లేదు. మార్చాలి.’ పదకొండు మంది సంతకాలు పెట్టారు. అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఆ గేజికి దొరికినవాళ్ళే.

పెద్దాయన కాగితం చదివాడు. గేజి క్లబ్బు కార్యదర్శి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

తర్వాతి పోటీలో ఎవరూ ఏమీ కొలవలేదు. వెల్డర్ మొదటి పరుగులోనే ఓడిపోయాడు. పక్క బండి మోత వింటేనే తెలుస్తోంది, అది నూట యాభై కానే కాదని.

నేరుగా కార్యదర్శి గదికి వెళ్ళాడు.

“ఇదేం పోటీ సార్! ఎవడి ఇంజన్ ఎంతో దేవుడికే తెలియాలి. ఆ పెద్దాయన్ని పిలిపించండి. కావాలంటే నేనే వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను.”

“కూతురొచ్చి తన ఊరు తీసుకెళ్ళిపోయింది. ఇక రారు.”

వెల్డర్ కూర్చోలేకపోయాడు, వెళ్ళనూ లేకపోయాడు.

కార్యదర్శి బీరువాలోంచి పాత రికార్డు పుస్తకం తీసి ముందుకు తోశాడు. నూట యాభై సీసీ క్లాసు. అన్నిటికన్నా పైన ఒక టైము, దాని మీద ఎర్రగీత. పక్కన చిన్న అక్షరాలు: ‘ఇంటికెళ్ళి ఇంజన్ విప్పి చూసుకున్నాను. అర సీసీ ఎక్కువుంది. రద్దు చేయగలరు.’

“ఇరవై రెండేళ్ళయింది. ఆ టైము ఇప్పటికీ ఎవరూ అందుకోలేదు,” అన్నాడు కార్యదర్శి.

“ఎవరు సార్ ఈ పిచ్చి మారాజు?”

“నువ్వు సంతకాలు పెట్టించి పంపించేశావే, ఆయనే.”